ఒన్నూరమ్మ కన్నడం

కిటికీ దగ్గరికి రాకూడదు, తలుపు సందులోంచి తొంగి చూడకూడదు, దగ్గకూడదు, గాజులు గలగలమనకూడదు అని పుట్టమ్మ టీచరు ఒక్కొక్కటే చెప్పి లోపలికి పోయింది. అన్నిటికీ సరేనని తలూపి, బాలవాడి ముందరున్న కానుగ చెట్టు కింద బండమీద కూర్చుంది హొన్నూరమ్మ. కూర్చుందన్న మాటే గాని కుదురెక్కడిది? గాజుల్ని మోచేతి దాకా ఎగదోసుకుంది. దగ్గు రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పెట్టుకోగానే లేని దగ్గు వచ్చేటట్టయింది. థూ, ఈ గొంతుకు ఇప్పుడే రావల్లా రోగం, అని తనను తానే తిట్టుకుంది. లోపల ముత్యాలు ఉంది. నాలుగేళ్ల కూతురు, అమ్మ కొంగు విడిచి ఎక్కడా ఉండని కూతురు, పేరు పెట్టి ఎంత పిలిచినా తిరిగి చూడని కూతురు, ఆ బండల మిద్దె కింద, చాపమీద, ఊరి పిల్లల నడుమ కూర్చుని ఉంది. ఏడుపు వినిపించడం లేదు. ఏడిస్తే ఏడ్చిందని తెలిసేది, ఏడవకపోతే ఏం చేస్తున్నదని అనుకోవాలి? పొద్దున కొత్త గౌను తొడిగితే మెడ దగ్గర జరీ గుచ్చుకుని పీకి పారేసింది, పాత గౌనే వేసుకుని వచ్చింది. ఆ పాత గౌనుకు వెనక బొత్తాం లేదు. పిన్నీసు పెట్టింది తను. పిన్నీసు ఊడిందేమో, గుచ్చుకుంటున్నదేమో, గుచ్చుకుంటే మాత్రం చెప్పే నోరా అది, అయ్యో దేవుడా, పోయి చూసొస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, పుట్టమ్మ టీచరు కళ్లెర్రజేస్తుంది, అంతే. అయినా లేవలేదు.

పుట్టమ్మ టీచరు చెడ్డ మనిషేమీ కాదు. మధుగిరి పక్క నుంచి వచ్చింది, కన్నడం ఆమెది, ఈ ఊరికొచ్చి తల్లులతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు నేర్చింది. పొద్దున ముత్యాలు చేతిని తన చేతిలోకి తీసుకునే ముందర ఉన్నదున్నట్టు చెప్పింది. "ఈ పొద్దు ఉప్పిట్టు, అదే ఉప్మా, పెట్టేదాకా చూస్తానమ్మా. చెప్పింది అర్థమయ్యే పిల్లయితే పెట్టుకుంటా. అర్థం కాదంటే నా చేత కాదు. ఇంతమంది పిల్లోళ్లు, నేనొక్కదాన్ని. ఆ పక్క చూస్తే రోడ్డు, ఈ పక్క చూస్తే పాడుబావి. కూచో అంటే కూచోవల్ల, రా అంటే రావల్ల. ఏం చేసేది చెప్పు?" ఆ మాటలో తప్పెక్కడుంది? చెప్పింది అర్థమవుతుందా, లేదా. ఎక్కడికి పోయినా ఈ ఒక్క ప్రశ్నే హొన్నూరమ్మకు ఎదురొస్తుంది. బెంగళూరు పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగింది ఇదే, ఆమె కళ్లలోకి చూస్తూ, మెత్తగా అడిగాడు. లేదు సార్, అర్థం కాదు సార్, అని తన నోటితో తనే చెప్పింది. చెప్పి బయటికొచ్చాక ఆ మాట నాలుకమీద వేపాకులా నిలిచిపోయింది. ఓబళప్ప వరండాలో పిల్లను భుజంమీద మోసుకుని నిలబడి ఉన్నాడు. ఏమన్నారే అని మొగుడు అడిగితే ఆమెకు ముందుగా ఏడుపొచ్చింది. కన్న తల్లి నోట ఆ మాట రావచ్చునా? కాని అబద్ధం చెప్పడానికి పోలేదు కదా అంత దూరం.

గాలికి కానుగ ఆకు కదిలి, ఎక్కడో మట్టి వాసన వచ్చినట్టనిపించి తలెత్తి చూసింది. ఏం లేదు, ఉత్త మబ్బు. ఆషాఢం సగమైంది, విత్తనపు శనక్కాయ ఒలిచి సంచులకెత్తి ఇంటింటా నడింట్లో నిలబెట్టుకున్నారు, చినుకు మాత్రం లేదు. మబ్బులు ఊరిమీదుగా పోతూనే ఉంటాయి, పావగడ కొండను చూసి జడుసుకుంటాయేమో, ఆగవు. ఓబళప్ప పొద్దున లేచి ఆకాశం చూస్తాడు, మధ్యాహ్నం చూస్తాడు, సాయంత్రం చూస్తాడు, మెడ నొప్పంటాడు. ఆ కాయ ఒలిచే రోజుల్లో ఇంటినిండా ఆడవాళ్లు, ఒకటే మాటలు, ఒకటే నవ్వులు, ఆ గోలలో ముత్యాలు మాత్రం మూలన కూర్చుని తన పని తాను చేసుకునేది. ఒక్కో కాయే తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. లోపల గింజ లొడలొడలాడితే ఒక పక్కకు, ఆడకపోతే ఇంకో పక్కకు. రెండు కుప్పలు, ఒక్క కాయ అటుదిటు అయ్యేది కాదు. అది చూసి కూడా పక్కింటి ఆమె, "పిల్లకు చెవుడేమో చూపించుకోమ్మే" అన్నది. చెవుడంట! కాయలో గింజ కదిలితే వినే పిల్లకు చెవుడంట! బోరింగు కొడితే ఎక్కడున్నా పరుగెత్తిపోయి ఆ ఇనుప కీచుకు చెవి ఆనించే పిల్లకు చెవుడంట! వింటుంది, అన్నీ వింటుంది, మనిషి మాట ఒక్కటే ఎందుకో దాని చెవిదాకా పోయి వెనక్కి తిరిగొస్తుంది. ఆమె అలాగే అనుకుంటూ వచ్చింది.

మొదట్లో అట్లా ఉండిందా? లేదే. అందరి పిల్లల మాదిరే అమ్మ అన్నది, అవ్వ అన్నది, బూవ అన్నది, కోడిని చూసి కో అన్నది. ఆ కో అన్న రోజు ఓబళప్ప ఊరంతా చెప్పుకొచ్చాడు, ఎవరి పిల్లలూ కో అననట్టు. తరువాత ఏమయిందో, గుంటలో నీళ్లు ఇంకినట్టు ఒక్కొక్క మాటే ఇంకిపోయింది. ఏ పొద్దు అమ్మ అనడం మానిందో హొన్నూరమ్మకు గుర్తు లేదు, అదే ఆమెకు పెద్ద బాధ, కడసారి అన్నప్పుడు ఇదే కడసారి అని తెలిసుంటే చేతిలో చాట కింద పెట్టి వినేది కదా. మాటలొస్తాయని పుట్టింటి నుంచి తల్లి వస కొమ్ము పంపించింది. అత్త కరియమ్మది శిరా పక్క, కన్నడపు మనిషి, ఆమె అదే కొమ్మును బజె అంటుంది, తన పుట్టింటి నుంచి ఇంకో కొమ్ము తెప్పించింది. వసా బజే రెండూ అరగదీసి, ఇద్దరూ పోటీలు పడి నాలుకకు రాశారు. ఆ చేదుకు ముత్యాలు మొహం చిట్లించి, రెండు కొమ్ములూ లాక్కుని గోడ అవతలికి విసిరింది. ఓబళప్ప పడీ పడీ నవ్వాడు. "మాట రాకపోతే పోనీలేయే, గురి మాత్రం బాగా వచ్చినాది" అన్నాడు. ఆ మనిషి అంతే, ఏడవాల్సిన చోట నవ్వుతాడు, తరువాత కల్లంలో ఒక్కడే కూర్చుని ముక్కు చీదుకుంటాడు. ఆమె చూడలేదనుకుంటాడు.

మార్గశిరంలో, కాయ అమ్మిన తరువాత, బెంగళూరు బస్సెక్కారు. ముత్యాలు కిటికీ కమ్మీకి చెంప ఆనించి, ఇంజను ఏ రాగం తీస్తే తనూ ఆ రాగం తీస్తూ కూర్చుంది, గుట్ట ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి. డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు. అంత సుఖంగా ఆ పిల్ల ఎప్పుడూ ఉండలేదు, ఇట్లా బస్సులోనే కాపురం పెట్టేస్తే ఏం పోతుంది అని హొన్నూరమ్మకు అనిపించింది. ఆసుపత్రిలో కూర్చోబెట్టి, చాలాసేపటికి నర్సు బయటికొచ్చి, చీటీలో తల్లి పేరు చూసి, హొన్నూరమ్మా, హొన్నూరమ్మా అని పిలిచింది. ఎవరో పాపం పలకడం లేదు అనుకుంటూ కూర్చునే ఉంది తను. చివరికి ఓబళప్ప మోచేత్తో పొడిచాడు, "నిన్నే కదే!" తన పేరే! తన పుట్టిల్లు కళ్యాణదుర్గం పక్క, ఆ పక్క ఆమెను హొన్నూరమ్మ అని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు, పుట్టినప్పటి నుంచి ఒన్నూరమ్మే, ఒన్నూరే, ఒన్నీ. ముందరి అక్షరం రాతలో ఉంటుందని వినడమే గాని నోట్లో ఎప్పుడూ తిరగలేదు. డాక్టరు పిల్లను ఆడించి చూశాడు, లైటు వేసి చూశాడు, బొమ్మలిచ్చి చూశాడు, ఆటిజం అన్నాడు. ఆ మాటలో హొన్నూరమ్మకు చిక్కింది మొదటి సగమే. ఊళ్లో అడిగిన వాళ్లకల్లా "ఆట ఏదో అన్నారక్కా" అని చెప్పింది. "ఆటనా? అదేం రోగమమ్మే?" "రోగం కాదంటక్కా, కూడా ఆడుకోవల్లంట." మరీ అంత తప్పు చెప్పినట్టు కూడా లేదు.

మాట నేర్పే మేడం వేరే గదిలో ఉండింది. చిన్న వయసు, మంచి మనిషి, ముత్యాలు ఆమె కళ్లజోడు లాగినా కోపం చేసుకోలేదు. మీ ఇంట్లో ఏ భాష అని అడిగింది. తెలుగు మేడం, ఊరంతా తెలుగే, బడి మాత్రం కన్నడం అన్నారు. అయితే రెండు భాషలు వద్దు, పిల్లకు గలిబిలి అవుతుంది, రేపు బడికి పోయేది కన్నడంలోనే కదా, ఇంట్లో కూడా అందరూ కన్నడమే మాట్లాడండి, ఒక్క తెలుగు మాట కూడా పిల్ల చెవిన పడనీయవద్దు అన్నది. తరువాత ఎట్లా నేర్పాలో చేసి చూపించింది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి, వస్తువును మొహం ముందర పట్టుకోవాలి, హేళు అని చెప్పి ఆ వస్తువు పేరు అనాలి. హేళు అంటే చెప్పు అని. హేళు, నీరు. హేళు, హాలు, అంటే పాలు. కనీసం పెదవి కదిపేదాకా ఇవ్వకూడదు. రోజూ చేయండి, మానవద్దు, మళ్లీ దసరా దాటినాక తీసుకురండి అన్నది. హొన్నూరమ్మ చేతులు జోడించింది. ఆ మేడం ఏ నిప్పుల్లో దూకమన్నా దూకేదే, కన్నడం మాట్లాడమంటే మాట్లాడదా?

మాట్లాడింది. కాని ఏం కన్నడం అది! బస్సులో టిక్కెట్టు అడిగే కన్నడం, రేషన్ అంగట్లో సీమనూనె వచ్చిందా అని అడిగే కన్నడం. దాంతో బిడ్డను పెంచడమెట్లా? రా, పో, తిను, వద్దు, కూర్చో, అంతటితో సరుకు అయిపోయింది. నా బంగారూ అనేది ఎట్లా? నీ కడుపు సల్లగుండా, ఎంత పని చేస్తివే దొంగముండా, అని బుగ్గ గిల్లేది ఏ మాటతో? స్నానం చేయిస్తూ కాలికో ముద్దు, చేతికో ముద్దు పెడుతూ ఊరికే వాగేది ముందర, ఏం వాగేదో ఆమెకే తెలియదు, ఆ వాగుడంతా ఒక్కసారిగా బందయింది. నీళ్లు పోస్తుంది, తుడుస్తుంది, నోరు మూసుకుంటుంది. ఓబళప్ప సంగతి ఇంకా అన్యాయం, నోరు తెరిస్తే తెలుగొస్తుందని పిల్ల దగ్గర ఈల వేయడం నేర్చుకున్నాడు. అత్తకు మాత్రం పండగే. ఏనాడో పెళ్లయి తెలుగు ఇంటికొచ్చి ఇంతకాలం మూసిపెట్టుకున్న కన్నడమంతా బయటికి తీసింది. పొద్దున్నే మనవరాలి దుప్పటి లాగి, "ఏళవ్వా, ఏళు, కోళి కూగ్తు, ఏళు" అని తట్టి లేపేది. ముత్యాలు కళ్లు నులుముకుంటూ లేచి కూర్చునేది. కోడలి కన్నడం వింటే మాత్రం ముసలామెకు ఒకటే నవ్వు. "నీ కన్నడం నువ్వు మాట్లాడితే మన ఎద్దులు గూడా మేత మాని చూస్తాండాయి కదమ్మే" అనేది. అంటే అననీ. ఎద్దులు చూస్తే చూడనీ. పిల్ల ఒక్క మాట అంటే చాలదా?

మధ్యాహ్నం ఇంటి పని తీరినాక నడింట్లో చాప పరిచి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. చెంబు మొహం ముందర పట్టుకుని మేడం చెప్పినట్టే, "ఏళు, నీరు" అనేది. ముత్యాలు లేచి నిలబడేది. "కూత్కో" అని భుజం పట్టి కూర్చోబెట్టేది. కూర్చునేది. "ఏళు, నీరు." లేచేది. కూర్చోబెట్టేది. "ఏళు, ఆలు." లేచేది. ఎంత మొండి చూడు, మాట నేర్చుకోవాల్సి వస్తుందని ఎట్లా తప్పించుకుని పోవాలని చూస్తున్నదో చూడు, అని ఆమెకు వేసట. పోతుందా అంటే పోయేదీ కాదు, లేచి ఊరికే నిలబడేది, చేతులు రెండు పక్కలా వేలాడేసి, గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ. మాఘమంతా అదే, ఫాల్గుణమంతా అదే. చైత్రంలో ఒకనాడు ఎండకు తల పగిలిపోతూ ఉంది, బోరింగు దగ్గర ఎవరో ఏదో మాట అన్నారు, మనసు బాగాలేదు. తను ఏళు అన్నది, పిల్ల లేచింది, మళ్లీ ఏళు అన్నది, మళ్లీ లేచింది, చటుక్కున పిల్ల తొడమీద ఒక దెబ్బ వేసింది. ముత్యాలు ఏడవలేదు. కొట్టిన ఆ చేతిని కొంచెం సేపు చూసింది. చూసి, కూర్చుంది. హొన్నూరమ్మ ఏం చేయాలో తోచక, మళ్లీ అదే మాట అన్నది, ఏళు. ముత్యాలు మళ్లీ లేచింది. ఆ రోజు చెంబులో నీళ్లు ఊరికే తాగించేసింది, మేడం చూడలేదు కదా. ఇప్పుడు బండమీద కూర్చుని ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

లోపల పాటలు అయిపోయాయి. ఉప్పిట్టు తిరగమోత వాసన వస్తోంది, ఆవాలు వేశారు, ముత్యాలుకు ఆవాలంటే పడదే, పళ్లెం తోసేస్తే ఎట్లా? టీచరు గొంతు వినిపించింది, "ఎల్లారూ హేళి" అని. పిల్లలంతా ఒకటే అరుపు, ఒందు, ఎరడు, మూరు. లెక్కలు చెప్పిస్తున్నది. నాల్కు, ఐదు, ఆరు, ఏళు, అంతే, చప్పున పిల్లల నవ్వు లేచింది. టీచరు "కూత్కో, కూత్కో" అంటున్నది. హొన్నూరమ్మ దిగ్గున లేచింది. ఎవరిని కూర్చోమంటున్నది? ఇంకెవరిని! లేచేసింది, నా బిడ్డ లేచేసింది, ఇక తలుపు కేసి పరుగు తీస్తుంది, అయిపోయింది, ఉప్పిట్టు దాకా కూడా ఆగలేదు. టీచరు చెప్పినవన్నీ మరిచిపోయి కిటికీ దగ్గరికి పోయింది. చాప చివర, పాత గౌనులో, పిన్నీసు ఉన్నచోటే ఉండి, ముత్యాలు చక్కగా కూర్చునే ఉంది. మళ్లీ మొదటి నుంచి అని టీచరు చేయెత్తి వేళ్లు తెరిచింది. ఒందు, ఎరడు. ముత్యాలు చూపు పైన దూలంమీద ఉంది. మూరు, నాల్కు. కదలలేదు. ఐదు, ఆరు. ఏళు అన్నారో లేదో, పిల్ల లేచి నిలబడింది, చేతులు రెండు పక్కలా వేలాడేసి. పిల్లలు పగలబడి నవ్వారు. పక్కనున్న పాప గౌను పట్టుకుని కూర్చోబెట్టింది. పుట్టమ్మ టీచరు నొసలు ముడిచింది. ఈసారి పిల్లల్ని ఊరుకోమని తానొక్కతే మెల్లగా లెక్కపెట్టింది, ముత్యాలు మీదనే కళ్లు పెట్టి. ఆరు దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. ముత్యాలు కూర్చునే ఉంది. టీచరు చిన్నగా, గుసగుసగా అన్నట్టు, "ఏళు" అన్నది.

ముత్యాలు లేచింది. టీచరు చేయి నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వేసింది. "అయ్యో నమ్మవ్వా! ఏళు అంటే ఎద్దేళ్తాళె కణ్రో! ఏళు అంటే లేస్తాది చూడండ్రో!" కన్నడంలో ఏళు అంటే ఏడు. ఏళు అంటే లెయ్యి అని కూడా. టీచరు ఏడు అన్నది, పిల్ల లెయ్యి అని వినింది. లెమ్మంటే లేచింది, అంతే కదా, ఇందులో ఏముంది, అని హొన్నూరమ్మ కూడా నవ్వబోయింది. నవ్వబోయి కిటికీ కమ్మీ పట్టుకుని అలాగే నిలిచిపోయింది. హేళు అంటే చెప్పు. ఏళు అంటే లెయ్యి. తన నోట్లో ఏది వచ్చింది ఇన్ని నెలలు? ఓసి నా తల్లీ! నా బంగారు తల్లీ! చెప్పు, నీళ్లు అని కదా నేననుకున్నది, లెయ్యి, నీళ్లు అని నీకు చెబుతూ ఉంటినా? లెయ్యి, పాలు. లెయ్యి, అరటిపండు. లేస్తివి. లేస్తే కూచోమంటిని. కూచుంటివి. మళ్లీ లెమ్మంటిని. ఈ అమ్మకు ఏం తిక్క పట్టింది, లెయ్యమంటుంది, లేస్తే కూచోమంటుంది, నీళ్లు చూపిస్తుంది, ఇవ్వదు, అని ఎంత అనుకున్నావో నీ చిన్ని కడుపులో! మాఘమంతా లేచినావు. ఎండల్లో లేచినావు. కొట్టినా లేచినావు. మొండిదంటిని నిన్ను, నీ అంత చెప్పిన మాట వినే పిల్ల ఈ ఊళ్లో ఉందా? డాక్టరు దగ్గర అర్థం కాదని చెప్పి వస్తినే! అర్థం కానిది ఎవరికి? అత్తకు గూడా ఆ అక్షరం నోట్లో తిరగదు, ఆమెకూ తెలిసి రాలేదు, ఓబళప్పకు అసలే తెలియదు, ఇంటిల్లిపాదీ కలిసి పిల్లను లేపీ లేపీ సంపినాము కదా, అని ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు, రెండూ కలిసి ముక్కులోంచి వింత చప్పుడుగా వచ్చాయి. గాజులు మోచేతి నుంచి జారి గలగలమన్నాయి.

పుట్టమ్మ టీచరు బయటికొచ్చింది. "ఏమమ్మా, కిటికీ దగ్గరికి రావద్దని చెప్పినా కదా? ఎందుకు ఏడుస్తాండావు? పిల్ల బాగనే ఉండాది."

"ఏడ్చలేదు టీచరమ్మా" అని ఏడుస్తూనే చెప్పింది హొన్నూరమ్మ. మేడం చెప్పినది, తాను చేసినది, చాప, చెంబు, అన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పేసింది. దెబ్బ సంగతి కూడా చెప్పింది. టీచరు నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. తరువాత ఆమె కళ్లూ తడిసినాయి.

"ఏదీ, నా మాదిరి అను చూస్తాం. హే...ళు."

"ఏళు."

"హ. హ. కడుపులోంచి గాలి రావల్ల. హొన్నూరమ్మ అను."

"ఒన్నూరమ్మ."

"నీ పేరే నీకు రాలేదు కదమ్మా!" అని టీచరు బండమీద కూలబడింది. ఇద్దరూ కానుగ చెట్టు కింద కూర్చుని, పొట్టలు పట్టుకుని నవ్వారు. లోపలి నుంచి పిల్లలు తలుపు దగ్గరికొచ్చి విచిత్రంగా చూశారు.

"రేపటి నుంచి తీసుకురా" అన్నది టీచరు కళ్లు తుడుచుకుని. "చెప్పింది బాగా అర్థమవుతాది దానికి. మనం ఏం చెప్తాండామో చూసుకోవల్ల, అంతే. నువ్వు మాత్రం ఈడ కాపలా కూచోవద్దు, ఇంటికి పో. కన్నడం నేర్పిస్తాలే నీకు గూడా."

హొన్నూరమ్మ జారిన గాజుల్ని సర్దుకుంది. "కన్నడం మీరు చెప్పండి టీచరమ్మా, మీ నోట్లో బాగుండాది. నేను ఇంట్లో నా మాటే మాట్లాడతా."

"బెంగళూరు మేడం ఒద్దన్నాది కదా? కోపం చేస్తే?"

"చెయ్యనీండి. దసరా దాటినాక పోతాం కదా, ఆమెకూ నేనే చెప్తా. నా నోట్లో లేని మాటతో దాన్ని శానా తిప్పలు పెట్టినా మేడం, ఇంక పెట్టను అని చెప్తా" అన్నది. అని, తనకే ఆశ్చర్యం వేసింది, ఆ మేడం ముందర ఇంత మాట అనగలనా అని. అంటుంది. ఓబళప్పను పక్కన నిలబెట్టుకుని అంటుంది.

ఉప్పిట్టు పెట్టారు. ముత్యాలు ఆవాలన్నీ ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టి, మిగిలినది తినింది. చేయి కడిగించి బయటికి తీసుకొచ్చి ఇచ్చారు. బిడ్డ ఎదురుగా నిలబడితే హొన్నూరమ్మ వంగి గౌను పిన్నీసు సర్దింది. మార్గశిరం నుంచి మూసిన నోరు, ఏ మాటతో తెరవాలి? "పోదామా తల్లీ?" అన్నది చివరికి. ముత్యాలు ఆమె వైపు చూడలేదు, కాని రోడ్డుమీదికి దిగి నడిచింది, రెండడుగులు ముందర, గోడకు ఒక వేలు రాసుకుంటూ. వెనకనే హొన్నూరమ్మ. ఇక మొదలుపెట్టింది. "సూడు, ఆ మబ్బు సూడు, ఉత్త అబద్ధాల మబ్బు, మీ నాయన మెడ ఇరగొట్టుకునే మబ్బు. ఇదిగో ఈ ఇంట్లో వాళ్లు కొత్త గడప పెట్టినారు, పసుపు ఎట్ల పూసినారో సూడు. మీ అవ్వకు చెప్పల్ల ఈ పొద్దు, ఆమె కన్నడంలో గూడా ఆ హ లేదని, అదీ మన కన్నడమేనని చెప్పల్ల, ఎగిరి పడతాది. నువ్వు ఎంత బాగా కూచున్నావే నా బంగారూ, నా ముద్దుల మూటా, నేనేమో బయట సచ్చి బతికినా." నోటికొచ్చినదంతా చెప్పింది, కోడి కనిపిస్తే కోడి గురించి, చీపురు కనిపిస్తే చీపురు గురించి. బోరింగు దాటి, దారి మలుపు తిరిగే దగ్గర ఆమెకు మాటలైపోయాయి. ఊపిరి తీసుకుని ఊరుకుంది.

ముత్యాలు ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు, ఏమీ లేదు, ఊరికే నిలబడింది. కాలికి ముల్లేమన్నా దిగిందేమో అని హొన్నూరమ్మ వంగి చూసింది. ముల్లు లేదు. "ఏందమ్మా? నొప్పా?" అన్నది. పిల్ల నడిచింది. నాలుగడుగులు వేసేసరికి మళ్లీ ఆగింది. ఎండలో నీడ కూడా కదలకుండా నిలబడింది. హొన్నూరమ్మకు ఏదో తట్టింది, తట్టినదాన్ని నమ్మబుద్ధి కాలేదు. "ముత్యాలూ, మన గౌరి దూడకు పళ్లొచ్చినాయంట" అన్నది మెల్లగా. పిల్ల నడిచింది. ఈసారి కావాలని నోరు మూసుకుంది, రెండు చేతులతో మూసుకుంది. రెండడుగుల ముందర ఆ చిన్న కాళ్లు ఆగిపోయాయి. ఆ చిన్న వీపు ఎదురుచూస్తూ ఉంది. మాట వస్తే పోదామని, రాకపోతే ఇక్కడే ఉంటానని. హొన్నూరమ్మకు కళ్లు కనిపించలేదు. దారినపోయేవాళ్లు చూస్తున్నారేమో కూడా చూసుకోలేదు.

"నడువు తల్లీ, నడువు. నిలబడొద్దు. చెప్తాలే, శానా ఉండాది చెప్పేది" అన్నది.